ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకు బొమ్మలు నేర్పడం: పెన్సిల్ పట్టు నుంచి రంగులు కలపడం దాకా

రెండో తరగతి పిల్లలకు తెల్ల కాగితం ఇచ్చి "మీకిష్టమైన బొమ్మ వేయండి" అంటే ముప్పై కాగితాల మీదా దాదాపు ఒకటే బొమ్మ వస్తుంది. రెండు ముక్కోణపు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కిందకు జారే నది, పక్కన ఇల్లు, కొబ్బరి చెట్టు, ఆకాశంలో టిక్కు గుర్తుల్లాంటి నాలుగు పక్షులు. హైదరాబాద్ పిల్లలు రోజూ చూసేవి బండరాళ్లు, మెట్రో స్తంభాలు, మేడల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు. అవి కాగితం మీదకు రావు. బోర్డు మీద ఒక బొమ్మ వేసి దించమనడమే తప్ప, చూసి గీయడం ఎవరూ నేర్పకపోవడమే ఇందుకు కారణం.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొనాలి, ఏది ముందు ఏది వెనక అని తల్లిదండ్రులూ టీచర్లూ తరచూ అడుగుతుంటారు. ఇంట్లో ఒక్క బిడ్డకు నేర్పేవారికీ, 30 మంది తరగతికి నేర్పేవారికీ పనికొచ్చేలా ఆ పద్ధతంతా ఇక్కడ ఉంది. వరుస మాత్రం మార్చొద్దు: ముందు గీత, తర్వాత ఆకారం, తర్వాత చూపు, ఆపైనే రంగు. ఇంకొక్క నియమం మొదటి రోజు నుంచే పాటించాలి. పెద్దవాళ్ల పెన్సిల్ పిల్లల కాగితాన్ని తాకకూడదు. చూపించాల్సింది ఏదైనా ఉంటే మీ కాగితం మీద చూపించండి.

1. ఈ వయసులో ఏది సహజం, ఏది సరిదిద్దాలి

ఆరేడేళ్ల పిల్లలు కాగితం అడుగున ఒక గీత గీసి మనుషులనూ చెట్లనూ దాని మీద వరుసగా నిలబెడతారు. పైన నీలం పట్టీ వేసి ఆకాశం అంటారు, మధ్యలో ఖాళీ వదిలేస్తారు. అమ్మ ఇంటికన్నా ఎత్తుగా ఉంటుంది. గోడలోంచి మంచం, టీవీ కనిపిస్తుంటాయి. ఇదంతా ఎదుగుదలలో భాగం, తొమ్మిదో ఏడు దాటుతుంటే దానంతటదే మారుతుంది. "ఆకాశం నేలదాకా వస్తుంది కదా" అని ఇప్పుడు దిద్దితే పిల్లలకు మన మాట అర్థం కాదు, తమ బొమ్మ మీద నమ్మకం మాత్రం పోతుంది.

సరిదిద్దాల్సినవి వేరే ఉన్నాయి: పెన్సిల్ పట్టు, కూర్చునే తీరు, చేతి ఒత్తిడి, కాగితం పెట్టే కోణం, కుంచె కడిగే అలవాటు. వీటిని ఎనిమిదేళ్లలోపు దిద్దడం తేలిక. తర్వాత ముదిరిపోతాయి.

2. సామాన్లు

ఒక్కో బిడ్డకు కావాల్సినవి:

- 2బీ పెన్సిళ్లు రెండు. హెచ్‌బీ గట్టిగా ఉంటుంది. గీత నల్లగా రావాలని నొక్కి నొక్కి కాగితం చింపుతారు.
- లావుపాటి మైనపు క్రేయాన్లు, 12 రంగులు.
- పోస్టర్ రంగులు నాలుగే: లెమన్ యెల్లో, క్రిమ్సన్ ఎరుపు, అల్ట్రామెరైన్ నీలం, తెలుపు. వీలైతే ఐదోది ప్రష్యన్ బ్లూ.
- గుండ్రటి కుంచె 8వ నంబరుది ఒకటి, అరంగుళం చదును కుంచె ఒకటి.
- రోజువారీ గీతలకు 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఏ4 కాగితం. తడి రంగులకు 150 జీఎస్‌ఎం లేదా అంతకన్నా మందపు కార్ట్రిడ్జ్ కాగితం.
- క్లిప్పు ఉన్న పరీక్ష అట్ట. ఫ్యాను ఆపకుండా పని జరగాలంటే ఇది తప్పదు.
- మొన మొద్దుగా ఉన్న 5 అంగుళాల కత్తెర. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరే కొనాలి.
- పాత కాటన్ గుడ్డ, వెనక్కి తిప్పి తొడుక్కోవడానికి నాన్న పాత చొక్కా, నాలుగు రోజుల పాత పేపర్లు.

30 మంది తరగతికైతే రంగులు అర లీటరు సీసాల్లో కొనండి. ఒక్కొక్కరికి ఒక్కో రంగు అర టీస్పూను చాలు, అంటే తరగతికి సుమారు 75 మిల్లీలీటర్లు. అర లీటరు సీసా ఆరు పాఠాలకు వస్తుంది. నీళ్ల గిన్నె నలుగురికి ఒకటి. ప్లాస్టిక్ కప్పులు పడిపోతాయి కాబట్టి అడుగు బరువున్న స్టీలు గిన్నెలు తీసుకుని సగం వరకే నింపండి. బేగంబజార్, కోఠి, సికింద్రాబాద్ జనరల్ బజార్ హోల్‌సేల్ దుకాణాల్లో డజన్ల లెక్కన కొంటే విడిగా కొనడం కన్నా తక్కువ పడుతుంది. సీసా మీద "నాన్ టాక్సిక్" అని ఉందో లేదో చూసుకోండి. ఎనామెల్ రంగులు, టర్పెంటైన్ పిల్లల దరికే రానివ్వొద్దు.

కొనకూడనివి కూడా చెప్పాలి. 48 రంగుల పెట్టె ఉంటే రంగు కలపాల్సిన అవసరమే రాదు, ఎంచుకోవడంతోనే సమయం అయిపోతుంది. స్కెచ్ పెన్ను ఎంత నొక్కినా ఒకటే లావు గీత ఇస్తుంది కాబట్టి చేతికి ఒత్తిడి తెలియదు. రంగులు నింపే పుస్తకాలు ప్రయాణాల్లో కాలక్షేపానికి పరవాలేదు గానీ పాఠం కింద లెక్క కాదు. నలుపు రంగు సీసా మొదటి ఏడాది బయటకు తీయకండి. అది ఉంటే ప్రతి బొమ్మకూ చుట్టూ నల్ల గీత వస్తుంది, తక్కిన రంగులన్నీ మురికవుతాయి.

3. కూర్చోవడం, కాగితం, పట్టు

పాదాలు నేలకు ఆనాలి. బెంచీ ఎత్తుగా ఉండి కాళ్లు వేలాడుతుంటే నడుము కుదురుగా ఉండదు, చెయ్యి వణుకుతుంది. కాళ్ల కింద బ్యాగు పెట్టించండి. అదీ కుదరకపోతే చాప మీద బోర్లా పడుకోబెట్టి గీయించండి. మోచేతుల మీద బరువు పడి భుజం స్థిరపడుతుంది.

కుడిచేతి వాటం వారికి కాగితం పైభాగం కాస్త ఎడమకు ఒరగాలి, ఎడమచేతి వాటం వారికి కుడికి. రెండో చెయ్యి ఎప్పుడూ కాగితాన్ని పట్టుకునే ఉండాలి. సగం వంకర గీతలకు కారణం కాగితం జరగడమే. ఎడమచేతి పిల్లలను బెంచీకి ఎడమ చివర కూర్చోబెడితే పక్కవారి మోచెయ్యి తగలదు. ఆ చెయ్యి మార్పించే ప్రయత్నం ఏ కారణంతోనూ చేయొద్దు. ఇంట్లో పెద్దలు పట్టుబడితే మీరే నచ్చజెప్పండి.

పట్టు కుదరని పిల్లలకు క్రేయాన్‌ను విరిచి మూడు సెంటీమీటర్ల ముక్క ఇవ్వండి. అంత చిన్న ముక్కను పిడికిలితో పట్టుకోలేరు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతట అవే చోటుకు వస్తాయి. కొత్త క్రేయాన్లు విరవడానికి పెద్దలకు మనసొప్పదు గానీ "సరిగ్గా పట్టుకో" అని వందసార్లు చెప్పడం కన్నా ఇదే పనిచేస్తుంది.

4. నలభై నిమిషాల పీరియడ్ నడిపే తీరు

- 5 నిమిషాలు: మీరు చూపించడం. బోర్డు మీద ఒక్క విషయమే చూపించి, పిల్లలు మొదలుపెట్టే ముందు చెరిపేయండి. చెరపకపోతే ముప్పై మందీ దాన్నే దించుతారు.
- 3 నిమిషాలు: అందరూ గాలిలో వేలితో గీయడం.
- 22 నిమిషాలు: పని. ఈ సమయంలో మీరు బెంచీల మధ్య తిరగాలి, తక్కువ మాట్లాడాలి.
- 3 నిమిషాలు: కాగితాలు నేల మీద పరిచి అందరూ చూడటం.
- 7 నిమిషాలు: శుభ్రం చేయడం. ఇది పిల్లల పనే. ఏడు నిమిషాలు ముందే తీసిపెట్టకపోతే గంట కొట్టేసరికి గదంతా రంగుమయం, ఇక తర్వాతి వారం రంగులు తీయాలంటే మీకే భయం.

ఐదు నిమిషాల్లో "అయిపోయింది మేడమ్" అంటూ వచ్చేవారు ప్రతి తరగతిలో నలుగురైదుగురు ఉంటారు. కొత్త కాగితం ఇవ్వకండి. బొమ్మ చూసి ఒక ప్రశ్న అడగండి: "ఈ ఇంట్లో ఎవరుంటారు? వాళ్ల చెప్పులెక్కడ విడిచారు? బట్టలు ఎక్కడ ఆరేశారు?" మళ్లీ పది నిమిషాల పని దొరుకుతుంది, బొమ్మ కూడా నిండుతుంది.

ఇంట్లో నేర్పేవారికి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు సరిపోతుంది. రోజూ గంటసేపు కూర్చోబెడితే నెల తిరిగేసరికి విసుగొస్తుంది.

5. మొదటి మెట్టు: గీత (మూడు వారాలు)

పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదానికి రావాలి. మొదట నేల మీద సుద్దముక్కతో భుజమంతా కదిలేలా, తర్వాత పాత పేపరు మీద క్రేయాన్‌తో, చివర ఏ4 మీద పెన్సిల్‌తో. చిన్న కాగితంతో మొదలుపెడితే మణికట్టు బిగుసుకుపోతుంది.

మొదటి వారం. ఏ4 కాగితాన్ని మడిచి ఆరు గడులు చేయించండి. ఒక్కో గడిలో ఒక్కో గీత: నిలువు, అడ్డం, ఏటవాలు, అల, రంపపు పళ్లు, జిలేబీ చుట్టు. గీత ఈ చివర నుంచి ఆ చివర చేరేలోపు ఐదు అంకెలు లెక్కపెట్టాలి. "చీమ నడిచినట్టు" అంటే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. జిలేబీ చుట్టులో చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు ఉండాలి, గీత గీతను తాకకూడదు. ఇదొక్కటి వస్తే చేతికి అదుపు వచ్చినట్టే.

రెండో వారం. ముగ్గు. దీనికి మించిన గీతల అభ్యాసం మన దగ్గర ఇంకోటి లేదు. ఒకటో తరగతికి 3 చుక్కలు 3 వరుసలు, సరి చుక్క (చుక్క కింద చుక్క). రెండో తరగతికి 5 చుక్కలు, సందు చుక్క (రెండు చుక్కల మధ్య సందులో చుక్క) 3 దాకా. మూడో తరగతిలో చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు, చెయ్యి ఎత్తకుండా. చుక్కకూ చుక్కకూ మధ్య రెండు వేళ్ల దూరం, స్కేలు అక్కర్లేదు. చుక్కలు ఎగుడుదిగుడుగా పడితే మెలిక ఇరుక్కుంటుంది. తప్పు గీతదనుకుని పిల్లలు చెరపబోతారు, చుక్కల వరుస చూసుకోమనండి.

మూడో వారం. ఒత్తిడి. ఒకే 2బీ పెన్సిల్‌తో మూడు గీతలు: ఈక తగిలినట్టు, మామూలుగా, గట్టిగా. తర్వాత ఒకే గీతలో మూడూ రావాలి. సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నబడాలి.

రబ్బరు ఈ మూడు వారాలూ పెట్టెలోనే. రబ్బరు చేతిలో ఉంటే గీయడం కన్నా చెరపడమే ఎక్కువవుతుంది. తప్పు గీత పక్కనే ఇంకో గీత గీయమనండి. నచ్చిన గీతను గట్టిగా దిద్దితే మిగతావి మరుగునపడతాయి.

6. రెండో మెట్టు: ఆకారాలు (చార్మినార్‌తో)

వృత్తం, చతురస్రం, దీర్ఘచతురస్రం, త్రిభుజం, కోడిగుడ్డు, ఆర్చి. ఈ ఆరూ చాలు. గీసే ముందు రంగు కాగితంతో కత్తిరించిన ముక్కలు ఇచ్చి, వాటిని పేర్చి ఆటో, కోడి, ఇల్లు తయారు చేయించండి. జరిపి చూసుకోవచ్చు కాబట్టి తప్పు చేస్తామన్న భయం ఉండదు.

తర్వాత చార్మినార్. ఫొటో చూపించి ముందు ప్రశ్నలు అడగండి. మధ్య ఆర్చి ఎంత వెడల్పు? మినార్ ఎక్కడ మొదలవుతుంది, కప్పు మీదా, నేల మీదా? గడియారం ఎక్కడుంది? మినార్లు కప్పు మీద కొమ్ముల్లా మొలిచినట్టు చాలామంది వేస్తారు. నిజానికి నాలుగు మూలల్లో నేల నుంచే లేస్తాయి. ఈ ఒక్కటి కళ్లారా పట్టుకుంటే బొమ్మ మారిపోతుంది.

వేసే వరుస:

1. కాగితం నిలువుగా. పైన నాలుగు వేళ్ల మందం ఖాళీ వదిలి చిన్న గుర్తు. మినార్ కొస అక్కడిదాకా రావాలి.
2. కింది సగంలో పెద్ద చతురస్రం. రెండు పక్కలా మూడేసి వేళ్ల చోటు ఉండాలి.
3. చతురస్రంలో ఆర్చి. రెండు నిలువు గీతలు, పైన వంగి మధ్యలో కలిసే చిన్న మొన.
4. రెండు పక్కలా నేల నుంచి పై గుర్తు దాకా సన్నటి దీర్ఘచతురస్రాలు.
5. కొసల మీద ఉల్లిపాయ ఆకారం.
6. మినార్ల మీద బాల్కనీల అడ్డ పట్టీలు, ఆర్చి పైన గడియారం. వరుస ఆర్చిలు, జాలీలు వారు చూసినంత మేర.

మినార్లు ముందు వేస్తే మధ్యలో చోటు చాలక ఆర్చి నలిగిపోతుంది. అందుకే మధ్యభాగంతో మొదలు. ఎదురుగా చూస్తే వెనక మినార్లు సరిగా కనిపించవు, అయినా పిల్లలు నాలుగూ వరుసగా వేస్తారు. వేయనివ్వండి, నాలుగున్నాయని వారికి తెలుసు. ఇదే పద్ధతిలో కుతుబ్‌షాహీ సమాధులు: చతురస్రం మీద ఉల్లిపాయ గుమ్మటం, కింద ఆర్చిల వరుస. బతుకమ్మ అయితే అడుగు వరుస వెడల్పుగా మొదలుపెట్టి పైకి పోను పోను చుట్టు తగ్గించాలి. పై నుంచి మొదలుపెడితే కింద కాగితం చాలదు.

7. మూడో మెట్టు: చూసి గీయడం

ఒక్క వస్తువు, ఒక్క వైపు, తెల్లటి కాగితం మీద పెట్టి. వరుసగా ఇలా వెళ్లండి: రావి ఆకు, బెండకాయ, వంకాయ, తాళంచెవి, చెప్పు, స్టీలు చెంబు. చెంబు మూడో తరగతికి మాత్రమే, దాని మూతి గుండ్రం పక్క నుంచి చూస్తే కోడిగుడ్డులా కనిపించడం చిన్నపిల్లలను తికమక పెడుతుంది.

గీయడానికి ముందు రెండు నిమిషాలు పెన్సిల్ ముట్టకూడదు. చూపుడువేలితో వస్తువు అంచు వెంట గాలిలో నడవాలి. అప్పుడు అడగండి: అన్నిటికన్నా లావు ఎక్కడ? తొడిమ నేరుగా ఉందా, వంగిందా? బెండకాయ మీద గాడులెన్ని కనిపిస్తున్నాయి? "వంకాయ ఎలా ఉంటుందో మీకు తెలుసుగా" అని మాత్రం అనకండి. తెలిసిన వంకాయ గీస్తే ముప్పై వంకాయలూ ఒకేలా ఉంటాయి.

ఒక వస్తువు ముందు, ఒకటి వెనక ఉన్నప్పుడు ఏం చేయాలో నేర్పడానికి మన ఊరి బండలకన్నా మంచి పాఠం లేదు. గోల్కొండ దారిలో, దుర్గం చెరువు ఒడ్డున, ఖాజాగూడలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు పిల్లలు చూసే ఉంటారు. చూడకపోతే మూడు గులకరాళ్లు బల్ల మీద పెట్టండి. నియమం ఒక్కటే: ముందున్న రాయి మొదట, పూర్తిగా. వెనక రాయి గీత ముందు రాయిని తాకగానే ఆగిపోతుంది. ఎడమ పక్క కిటికీ ఉంటే రాయి కుడి పక్క పెన్సిల్ పడుకోబెట్టి నీడ వేయించండి. త్రిభుజపు కొండలు ఈ పాఠంతో చాలామందికి వదిలిపోతాయి.

8. నాలుగో మెట్టు: క్రేయాన్లు

లేత రంగు ముందు, ముదురు తర్వాత. నీలం మీద పసుపు రుద్దితే పసుపు క్రేయాన్ కొసకు నీలం అంటుకుని తర్వాతి బొమ్మంతా మురికవుతుంది. అంటితే గుడ్డ మీద రుద్ది తుడవాలి. గీత దాటకుండా ఉండాలంటే ముందు అంచు లోపలి వైపు సన్నగా ఒక వరస రంగు వేసి, ఆపైన మధ్య నింపాలి. గీతలన్నీ ఒకే దిక్కుకు పోవాలి.

పిల్లలందరికీ ఇష్టమైన పాఠం ఒకటి ఉంది. మందపు కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో గట్టిగా నొక్కి ముగ్గు వేయించండి, పైన పల్చటి నీలం నీళ్ల రంగు పూయించండి. మైనం నీళ్లను తోసేస్తుంది కాబట్టి ముగ్గు తెల్లగా తేలుతుంది. తేలకపోతే కారణాలు రెండే. క్రేయాన్ నొక్కలేదు, లేదా రంగు చిక్కగా ఉంది.

9. ఐదో మెట్టు: రంగులు కలపడం

ఇక్కడ తొందరపడొద్దు. కనీసం మూడు పాఠాలు తీసుకోండి. బొమ్మ వేయించడం మూడో పాఠంలోనే.

కుంచె అలవాటు ముందు, నోటితో చెప్పించండి: ముంచు, కడుగు, గుడ్డకు అద్దు, రంగు తీసుకో. మూడోది మరిచిపోతే కుంచెలోని నీళ్లు కాగితం మీదకు దిగి రంగు చెరువవుతుంది. కుంచెను లాగాలి, తోయకూడదు, తోస్తే వెంట్రుకలు విచ్చుకుంటాయి. నీళ్లలో తలకిందులుగా నిలబెట్టి వదలకూడదు. మొన కోసం నోట్లో పెట్టుకోనివ్వొద్దు.

రంగు చిక్కదనానికి కొలత వంటింట్లోనే ఉంది. పోస్టర్ రంగు గడ్డపెరుగులా ఉంటే గీతలు గీతలుగా పడుతుంది, మజ్జిగలా ఉంటే కారుతుంది, చిలికిన పెరుగులా ఉండాలి. కలపడానికి పాత ఇడ్లీ పళ్లెం బాగుంటుంది, గుంటలు వేరువేరుగా ఉంటాయి. అయితే ఒకసారి రంగు పడ్డ పళ్లెం మళ్లీ వంటకు వాడొద్దు.

మొదటి పాఠం: పసుపు, నీలం మాత్రమే. గుంటలో పసుపు పెట్టి, కుంచె కొసతో చుక్క నీలం. పసుపు నాలుగు పాళ్లకు నీలం ఒక పాలు దాటకూడదు. నీలంలో పసుపు పోస్తే ఎంత పోసినా ముదురుగానే ఉంటుంది, సీసా ఖాళీ అవుతుంది. ఎప్పుడైనా లేతదానిలోకి ముదురును చుక్క చుక్కగా. ఐదు ఆకుపచ్చలు చేయమనండి: చింత చిగురు, అరటాకు, వేపాకు, కాకరకాయ, మెట్రో స్తంభాల కింది మొక్కలు. ప్రష్యన్ బ్లూతో ఆకుపచ్చ తేటగా వస్తుంది, అల్ట్రామెరైన్‌తో కాస్త మట్టిగా వస్తుంది.

రెండో పాఠం: ఎరుపుతో. పసుపు, ఎరుపు కలిస్తే బంతిపువ్వు. ఎరుపు, నీలం కలిస్తే వంకాయ. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే: "ఊదా రాలేదు, గోధుమ రంగు వచ్చింది" అంటారు. వెర్మిలియన్ లాంటి కుంకుమ ఎరుపులో పసుపు జీర ఉంటుంది. దానికి నీలం కలిపితే మూడు రంగులూ కలిసినట్టయి మట్టిరంగే వస్తుంది. క్రిమ్సన్, అల్ట్రామెరైన్ కలిపితే ఊదా శుభ్రంగా వస్తుంది. అందుకే సామాన్లలో ఎరుపు పేరు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

మూడో పాఠం: మన చర్మం రంగు. క్రేయాన్ పెట్టెలో "స్కిన్ కలర్" పేరుతో వచ్చే లేత గులాబీ రంగు తరగతిలో ఒక్కరికీ సరిపోదు. అయినా పిల్లలు తమ ముఖానికీ, అమ్మ ముఖానికీ అదే వేస్తారు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. పసుపు రెండు పాళ్లు, ఎరుపు ఒక పాలు కలిపి నారింజ చేయించండి. అందులో నీలం చుక్క చుక్కగా వేస్తే గోధుమ రంగు అవుతుంది. కాస్త తెలుపుతో లేతగా, ఇంకో చుక్క నీలంతో ముదురుగా మార్చుకోవచ్చు. చుక్క రంగు మోచేతి కింద పూసుకుని చర్మంలో కలిసిపోయేదాకా సరిచేసుకోవాలి. ముప్పై గుంటల్లో ముప్పై రంగులు వస్తాయి. ఆ రంగుతోనే సొంత ముఖం. మిగిలిన రంగుతో బండలు, చెట్ల బోదెలు.

10. చేతిపనులు, క్లుప్తంగా

కత్తెర: బొటనవేలు పైకి ఉండాలి, మోచెయ్యి నడుముకు ఆనాలి. తిరగాల్సింది కాగితం, కత్తెర కాదు. ముందు అంచున చిన్న కత్తిరింపులు, తర్వాత తిన్నటి గీత, రంపపు పళ్లు, చివర వృత్తం. వృత్తాన్ని కుడిచేతి వారు గడియారం ముల్లుకు ఎదురు దిశలో, ఎడమచేతి వారు ముల్లు తిరిగే దిశలో కత్తిరిస్తే గీత కనిపిస్తూ ఉంటుంది.

బంకమట్టి: ఒక్కొక్కరికి నారింజకాయంత. కాళ్లు, తోకలు విడిగా చేసి అతికిస్తే ఆరాక రాలతాయి. ముద్దలోంచే లాగి చేయించండి. అతికించక తప్పకపోతే రెండు వైపులా గీతలు పెట్టి, నీళ్లలో కలిపిన గుజ్జు మట్టి రాసి నొక్కాలి. ఎండలో పెడితే పగులుతుంది, నీడన మూడు నాలుగు రోజులు. చేతులు ముందు బకెట్లో కడగాలి, సింకులో మట్టి పోతే పైపు పూడుతుంది. మట్టి దొరక్కపోతే మైదా రెండు కప్పులు, ఉప్పు ఒక కప్పు, నీళ్లు కప్పుకు కాస్త తక్కువ కలిపి పూరీ పిండిలా పిసకండి.

ముద్రలు: బెండకాయ అడ్డంగా కోసి, గుడ్డతో తడి అద్ది, రంగు తడిపిన స్పాంజి మీద ఒత్తి వేయాలి. నేరుగా రంగులో ముంచితే గాడులు పూడి ముద్ర మచ్చలా పడుతుంది.

11. ఏడాదిలో ఎప్పుడు ఏది

జూన్, జూలైలో గీతలు, ఆకారాలు. వానాకాలంలో కాగితం తడి పీల్చుకుని ఉంటుంది, తడి రంగులు ఆరవు, ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆగస్టు, సెప్టెంబరులో చూసి గీయడం, వినాయక చవితి ముందు బంకమట్టి దొరుకుతుంది కాబట్టి మట్టి పని. దసరా సెలవుల ముందు బతుకమ్మ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొడి గాలి, రంగులకు అదే అదను. మార్చి నుంచి ఎండ ముదురుతుంది. ఆయిల్ పాస్టెళ్లు, క్రేయాన్లు కిటికీ పక్కన పెడితే మెత్తబడి ముద్దవుతాయి. రంగు కుంచె మీదే ఎండుతుంది, నీళ్లు దగ్గర పెట్టుకోండి.

12. తప్పులు, సవరణలు

- బొమ్మ మూలలో చిన్నగా వేస్తున్నారు. కాగితం పాడవుతుందని భయం, లేదా పెన్సిల్ మొన మరీ సన్నం. క్రేయాన్ ఇచ్చి "బొమ్మ రెండు అంచులనైనా ముట్టుకోవాలి" అనండి.
- కాగితం చిరుగుతోంది. తడి మీద మళ్లీ మళ్లీ రుద్దుతున్నారు, లేదా కుంచె మరీ చిన్నది. ఒక పూత ఆరాకే రెండోది.
- కాగితం ముడతలు పడింది. కాగితం పలుచన. ఆరాక వెనక కాస్త తడి గుడ్డ అద్ది, పేపర్ల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి.
- అన్ని రంగులూ బూడిదరంగుకు తిరిగాయి. నీళ్లు మార్చలేదు. 10 నిమిషాలకోసారి మార్చే పని ఒకరికి అప్పగించండి.
- పక్కవారి బొమ్మ దించుతున్నారు. తిట్టొద్దు. ఇద్దరికీ వేర్వేరు వస్తువులు ఇవ్వండి.
- "నాకు రాదు, మీరే వేయండి" అంటున్నారు. మొత్తం బొమ్మ అడగకండి. "కాకి ముక్కు ఏ ఆకారం? అదొక్కటే వెయ్యి" అనండి. తర్వాత కన్ను.

"ఇదేంటి?" అని అడగొద్దు. ఏనుగు వేసిన బిడ్డకు అది ఏనుగులా లేదని చెప్పినట్టే. "దీని గురించి చెప్పమ్మా" అనండి. "సూపర్" అని ప్రతి కాగితానికీ అంటే ఆ మాటకు విలువ పోతుంది. కనిపించింది చెప్పండి: "వెనక రాయి గీత సరిగ్గా ఆపావు", "ఇక్కడ గీత సన్నబడింది". పోటీల కోసం మీరు దిద్దిన బొమ్మ పంపకండి. దిద్దింది ఎవరో పిల్లలకు తెలుసు.

13. కాగితాలు దాచడం

ప్రతి కాగితం వెనక తేదీ, బొమ్మ గురించి పిల్లలు చెప్పిన ఒక వాక్యం వారి మాటల్లోనే రాయండి. తడి రంగులు తాడుకు క్లిప్పులతో వేలాడదీస్తే కారతాయి, నేల మీద పరిచే ఆరనివ్వండి. నెలకు ఒక్కటి ఫైల్లోకి, ఏది పెట్టాలో పిల్లలే ఎంచుకోవాలి. క్రేయాన్ బొమ్మల మధ్య పాత పేపరు ముక్క పెట్టండి, లేకపోతే వేసవిలో మైనం పక్క కాగితానికి అంటుకుంటుంది. ఫిబ్రవరిలో బండల బొమ్మ మళ్లీ వేయించి, సెప్టెంబరు నాటి కాగితం పక్కన పెట్టి, ఏం మారిందో వారినే చెప్పమనండి.